కేసు షీటు మీద ఎర్ర సిరా

ప్రతి సంవత్సరం డిసెంబరు 1వ తేదీన మన పట్టణాలలో ఒక ఊరేగింపు జరుగుతుంది. నర్సింగు విద్యార్థినులు ప్లకార్డులు పట్టుకుని నడుస్తారు. ఒక అధికారి పచ్చజెండా ఊపుతారు. వేదిక మీద పెద్దలందరూ చొక్కాలకు ఎర్ర రిబ్బను గుచ్చుకుని, హెచ్.ఐ.వి. సోకినవారి పట్ల వివక్ష చూపరాదని ప్రసంగిస్తారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అటువంటి ప్రసంగాలు నేనూ చాలా చేశాను. మరునాడు, అంటే డిసెంబరు 2న, హెచ్.ఐ.వి. ఉన్న మనిషి ఒకరు శస్త్రచికిత్స కోసం ఆసుపత్రికి వస్తే ఏం జరుగుతుంది? ఏదో ఒక సాకు చెప్పి మరొక ఊరికి పంపుతారు. అందరూ అలా చేస్తారని అనను. కానీ చేసేవారు ఇంకా చాలామంది ఉన్నారు. ఆ రిబ్బనుకూ ఈ సాకుకూ మధ్య ఉన్న దూరాన్ని గురించే ఈ వ్యాసం.

ఇందులో కొన్ని కఠినమైన మాటలు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం నా వృత్తివారికే తగులుతాయి. మొదటి దెబ్బ నాకు తగలడం న్యాయం కనుక నా సంగతితోనే మొదలుపెడతాను.

నేను చేసిన తప్పు

1990 దశకం చివరి సంవత్సరాలు. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ రాత్రి నేను డ్యూటీ డాక్టరును. ఇరవై రెండేళ్ళ అమ్మాయి తొలి కాన్పుకు వచ్చింది. వెంట తల్లి ఉన్నది. ఆ రోజు సాయంత్రమే రక్తపరీక్ష ఫలితం వచ్చింది. ఆ అమ్మాయికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. కానీ వార్డులో ఆయాకు తెలుసు, వాచ్‌మన్‌కు తెలుసు, పక్క మంచం మీది బాలింత చెల్లెలికి కూడా తెలుసు. ఎందుకంటే కేసు షీటు పైభాగాన ఎవరో ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలు వ్రాసి, కింద రెండు గీతలు గీశారు. నేను వెళ్ళేసరికి ఆమె మంచాన్ని వరండా చివరికి జరిపారు. అన్నం పళ్ళెం నేల మీద పెట్టి కాలితో జరిపారని తరువాత విన్నాను.

ఆ అక్షరాలను నేను చూశాను. ఆ కాగితాన్ని చించి కొత్త షీటు వ్రాయించలేదు. కాన్పు సజావుగానే జరిగే సూచనలు ఉన్నాయి. అవసరమైతే ఆపరేషను చేయడానికి థియేటరూ ఉన్నది, మత్తు డాక్టరూ ఉన్నారు. అయినా నేను 'ఇక్కడ తగిన సౌకర్యాలు లేవు. పెద్దాసుపత్రికి పంపడమైనది' అని వ్రాసి సంతకం చేశాను.

ఆమె తల్లి నా దగ్గరకు వచ్చింది. 'డాక్టరు బాబూ, నిన్నటిదాకా ఈ వార్డులోనే కాన్పులన్నీ అవుతున్నాయి కదా. ఇక్కడ అన్నీ ఉన్నాయి కదా. మా పిల్లనెందుకు పంపుతున్నారు?' అని అడిగింది. 'మీ మంచికేనమ్మా' అన్నాను. రాత్రి పదకొండు గంటలకు నొప్పులతో ఉన్న ఆ అమ్మాయిని ఒక అద్దె జీపులో ఎక్కించుకుని వెళ్ళారు. ఆమె ఏమైనదో, బిడ్డ ఏమైనదో నేను తెలుసుకోలేదు. తెలుసుకునే ప్రయత్నమూ చేయలేదు.

నాకు తెలియక అలా చేశానని వ్రాస్తే మీరు నమ్ముతారు. కానీ అది నిజం కాదు. ఆ వ్యాధి ఎలా సోకుతుందో, ఎలా సోకదో నాకు పూర్తిగా తెలుసు. శిక్షణ పొంది వచ్చాను, మా సిబ్బందికి నేనే పాఠం చెప్పాను. తెలిసీ భయపడ్డాను. ఆ భయానికి 'సౌకర్యాల లేమి' అని పేరు పెట్టాను. అందుకే 'ప్రజలలో అవగాహన లేదు' అని ఏ వైద్యుడైనా నిట్టూర్చినప్పుడు నాకు కోపం వస్తుంది. అవగాహన ఉన్నవారు చేసిన అన్యాయం తక్కువేమీ కాదు.

వ్యాధి మారింది, మనం మారలేదు

1981 జూన్‌లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరంలో ఐదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా సోకిందన్న వార్తతో ఈ వ్యాధి వైద్యలోకం దృష్టికి వచ్చింది. 1983లో పారిస్ లోని పాశ్చర్ సంస్థ శాస్త్రజ్ఞులు దానికి కారణమైన వైరస్‌ను కనుగొన్నారు. మన దేశంలో 1986లో మద్రాసు మెడికల్ కళాశాలకు చెందిన డాక్టర్ సునీతీ సోలమన్, ఆమె విద్యార్థిని డాక్టర్ నిర్మల తొలి కేసులను బయటపెట్టారు. 'మన దేశంలో ఇటువంటి జబ్బు రాదు' అని పెద్దలు ధీమాగా ఉన్న కాలమది. డాక్టర్ సోలమన్ తరువాతి జీవితమంతా ఈ రోగులకే అంకితం చేశారు. ఎవరూ ముట్టుకోని రోజులలో ఆమె ముట్టుకుని వైద్యం చేశారు. ఆమెకూ అప్పట్లో నాకూ తెలిసిన శాస్త్రం ఒక్కటే. ఆ శాస్త్రాన్ని ఆమె ఆచరించారు, నేను ఆచరించలేదు.

అప్పట్లో భయానికి కొంత కారణం ఉన్నదని ఒప్పుకుంటాను. మందు లేదు. ఉన్నా మనవారికి అందే ధర కాదు. గోడల మీద పుర్రె, ఎముకల బొమ్మలు వేసి జనాన్ని హెచ్చరించాము. ఆ బొమ్మలు వ్యాధిని ఆపలేదు. వ్యాధి వచ్చినవారిని బ్రతికుండగానే శవాలుగా చూడడం మాత్రం జనానికి నేర్పాయి. తరువాత, 2000 దశకం తొలినాళ్ళలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'పులిరాజా' ప్రకటనలు వచ్చాయి. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా రాదా అని రాష్ట్రమంతా చర్చించుకున్నది. ఆ ప్రచారం ఒక మేలు చేసింది: నోట పలకడానికే సిగ్గుపడే మాటను నలుగురి నోటా పలికించింది. కానీ ఆ ప్రశ్న 'ఎవరికి వస్తుంది?' అన్న దగ్గరే నిలిచిపోయింది. 'వచ్చినవారితో మనం ఎలా మెలగాలి?' అన్న ప్రశ్న అంత పెద్ద అక్షరాలతో ఏ కూడలిలోనూ వెలవలేదు.

ఈలోగా వైద్యం ఆగలేదు. 1996 నాటికి మూడు మందులను కలిపి ఇచ్చే చికిత్స వచ్చింది. సంపన్న దేశాలలో మరణాలు ఒక్కసారిగా తగ్గాయి. అయితే ఆ మందుల ఖర్చు ఏడాదికి పదివేల డాలర్లు దాటేది. 2001లో మన దేశపు సిప్లా సంస్థ అదే చికిత్సను రోజుకు ఒక డాలరు లోపు ధరకు ఇస్తానని ముందుకు వచ్చింది. 2004 ఏప్రిల్ 1 నుంచి భారత ప్రభుత్వం ఉచితంగా మందులు ఇవ్వడం ప్రారంభించింది. తొలి విడతలో ఎంపికైన, వ్యాధి తీవ్రత ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2017 నుంచి రోగనిరోధక కణాల లెక్క ఎంత ఉన్నా సరే, వైరస్ ఉన్నదని తేలిన ప్రతి ఒక్కరికీ వెంటనే చికిత్స ఇస్తున్నారు. నేడు చాలామంది పెద్దలకు రోజుకు ఒక్క మాత్ర సరిపోతుంది. అది ఎ.ఆర్.టి. కేంద్రాలలో ఉచితంగా దొరుకుతుంది.

ఆ ఒక్క మాత్ర ఏం చేస్తున్నదో గమనించండి. తొలిదశలోనే మొదలుపెట్టి మానకుండా వాడేవారి ఆయుర్దాయం ఇతరులతో దాదాపు సమానం. రక్తంలో వైరస్ పరీక్షకు కూడా అందనంత తక్కువ స్థాయికి దిగిపోతుంది. అలా దిగి, అక్కడే నిలిచిన వ్యక్తి నుంచి లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి వైరస్ సోకదు. ఇది ఓదార్పు కోసం చెప్పే మాట కాదు. ఒకరికి వైరస్ ఉండి, మరొకరికి లేని 888 జంటలను యూరప్‌లో ఏళ్ళ తరబడి పరిశీలించిన 'పార్ట్‌నర్' అధ్యయనం ఫలితాలు 2016లో ప్రచురితమయ్యాయి. కండోమ్ లేకుండా సుమారు 58,000 సార్లు కలయిక జరిగినా, చికిత్సలో ఉన్న భాగస్వామి నుంచి రెండోవారికి వైరస్ సోకిన సంఘటన ఒక్కటీ లేదు.

తల్లి నుంచి బిడ్డకు సోకే విషయమూ అంతే. ఏ చికిత్సా లేకపోతే 15 నుంచి 45 శాతం బిడ్డలకు సోకే ప్రమాదం ఉండేది. నేడు తల్లి సకాలంలో మందులు వాడి, బిడ్డకు కూడా పుట్టగానే మందు ఇస్తే అది 5 శాతం లోపుకు తగ్గుతుంది. నేను జీపు ఎక్కించి పంపిన ఆ అమ్మాయి నేడు వచ్చి ఉంటే, తానూ బ్రతికి, వైరస్ లేని బిడ్డను ఎత్తుకుని ఇంటికి వెళ్ళి ఉండేది. ఎవరూ తరిమివేయకుండా ఉంటే.

సోకే దారులు, సోకని దారులు

ఇది మీలో చాలామందికి తెలిసిన విషయమే కనుక క్లుప్తంగా చెబుతాను. హెచ్.ఐ.వి. నాలుగు దారులలోనే సోకుతుంది: రక్షణ లేని లైంగిక సంబంధం, వైరస్ ఉన్న రక్తం ఎక్కించడం, ఒకరు వాడిన సూదిని మరొకరు వాడడం, తల్లి నుంచి బిడ్డకు గర్భంలో గానీ కాన్పులో గానీ పాల ద్వారా గానీ చేరడం. ఐదవ దారి లేదు.

కలిసి భోజనం చేస్తే సోకదు. ఒకే గ్లాసులో నీళ్ళు తాగితే సోకదు. దగ్గినా, తుమ్మినా, చెమట తగిలినా, కౌగిలించుకున్నా, ఒకే మరుగుదొడ్డి వాడినా సోకదు. దోమ మాటేమిటని ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. దోమ కుట్టినప్పుడు మన శరీరంలోకి వదిలేది తన లాలాజలాన్నే గానీ, అంతకు ముందు పీల్చిన మరొకరి రక్తాన్ని కాదు. పైగా దోమ కడుపులో ఈ వైరస్ జీర్ణమైపోతుంది. దోమ వల్లనే సోకేటట్లయితే మలేరియా ఉన్న ప్రతి గూడెంలో చంటిపిల్లలకూ ముసలివారికీ అందరికీ సోకి ఉండేది. అలా ఎక్కడా జరగలేదు.

మరొక్క మాట. హెచ్.ఐ.వి., ఎయిడ్స్ ఒకటి కావు. హెచ్.ఐ.వి. వైరస్ పేరు. చికిత్స లేక, ఏళ్ళు గడిచి, రోగనిరోధక శక్తి క్షీణించి, క్షయ వంటి ఇతర వ్యాధులు ముసిరిన దశకు ఎయిడ్స్ అని పేరు. మాత్రలు వేసుకుంటూ పొలం పనికీ బడి ఉద్యోగానికీ వెళుతున్న మనిషిని 'ఎయిడ్స్ రోగి' అనడం శాస్త్రం ప్రకారం తప్పు, మర్యాద ప్రకారం ఇంకా పెద్ద తప్పు. మన పత్రికలు ఈ తేడాను ఇప్పటికైనా పాటించాలి.

ఎర్ర సిరా ఎవరిని కాపాడింది?

కొంతకాలం క్రితం నలభై ఏళ్ళ వ్యక్తి ఒకరు ప్లాస్టిక్ సంచీలో కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. హెర్నియా. నొప్పి ఎక్కువగా ఉన్నది, ఆపరేషను అవసరం. ఆయన మూడు ఆసుపత్రులు తిరిగారు. మొదటి చోట 'మిషను పాడైంది' అన్నారు. రెండవ చోట 'మత్తు డాక్టరు ఊళ్ళో లేరు' అన్నారు. మూడవ చోట 'స్పెషల్ కిట్ వాడాలి' అని ఖర్చు రెట్టింపు చెప్పారు. మూడు చోట్లా ఆయనే ముందుగా, ఎవరూ అడగకుండానే, తనకు హెచ్.ఐ.వి. ఉన్నదని చెప్పారు. తొమ్మిదేళ్ళుగా మాత్రలు వాడుతున్నారు. రక్తంలో వైరస్ పరీక్షకు అందడం లేదని తెలిపే రిపోర్టు నాకు చూపించారు.

'సార్, తొమ్మిదేళ్ళలో ఒక్క రోజు మాత్ర మానలేదు. నిజం చెప్పడమే నా తప్పయింది. నాలుగో ఆసుపత్రిలో చెప్పను' అన్నారు.

ఈ మాటను మరొకసారి చదవండి. వివక్ష వల్ల జరిగే నష్టమంతా ఇందులో ఉన్నది. నిజం చెప్పినవానిని శిక్షిస్తే, తరువాత వచ్చేవాడు నిజం దాస్తాడు. అతడిని చూసిన మరొకడు అసలు పరీక్షే చేయించుకోడు. పరీక్ష చేయించుకోనివాడికి మందు అందదు. మందు అందనివాడి రక్తంలో వైరస్ పెరుగుతూనే ఉంటుంది, ఇతరులకు సోకుతూనే ఉంటుంది. మనం దేనికి భయపడుతున్నామో దానిని మన భయమే పెంచి పోషిస్తున్నది.

నేను నాకు తెలిసిన ఒక యువ సర్జనుకు ఫోను చేశాను. మంచివాడు, చేతిలో పనితనం ఉన్నవాడు. 'సార్, మీరు రిటైరయ్యారు. మాకు పెళ్ళాం పిల్లలు ఉన్నారు. సూది గుచ్చుకుంటే ఎవరు దిక్కు?' అన్నాడు. ఇది తోసిపుచ్చవలసిన ప్రశ్న కాదు, జవాబు చెప్పవలసిన ప్రశ్న. నేను అతడికి చెప్పినదే ఇక్కడ వ్రాస్తున్నాను.

హెచ్.ఐ.వి. ఉన్న రక్తంతో తడిసిన సూది గుచ్చుకుంటే వైరస్ సోకే అవకాశం సుమారు 0.3 శాతం. అంటే వెయ్యిమందికి గుచ్చుకుంటే ముగ్గురికి. టీకా తీసుకోనివారికి హెపటైటిస్-బి అదే విధంగా సోకే అవకాశం 6 నుంచి 30 శాతం. ఆ జబ్బు ఉన్న రోగిని మనం ఇంత హడావిడిగా ఊరు దాటించడం నేనెన్నడూ చూడలేదు. ఇక సూది గుచ్చుకున్నా, 72 గంటల లోపు, వీలైతే మొదటి రెండు గంటలలోనే, నివారణ మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే ఆ కొద్ది ప్రమాదమూ బాగా తగ్గుతుంది.

రెండవ విషయం ఇంకా ముఖ్యమైనది. నిజం చెప్పి, మాత్రలు వాడుతూ, వైరస్ అణగిపోయిన రోగి బల్ల మీద పడుకుంటే సర్జనుకు వచ్చే ముప్పు అత్యల్పం. ముప్పంతా తనకు సోకిందని తనకే తెలియని రోగి నుంచి. మన దేశంలో హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారు సుమారు 25 లక్షల మంది అని జాతీయ అంచనా. ఆంధ్రప్రదేశ్ ఆ లెక్కలో ముందువరుసలో ఉన్న రాష్ట్రం. వారిలో లక్షలమందికి ఆ సంగతి ఇప్పటికీ తెలియదు. కొత్తగా సోకినవారికి తొలి వారాలలో పరీక్ష చేసినా లేదనే వస్తుంది. కానీ రక్తంలో వైరస్ అత్యధికంగా ఉండేది ఆ రోజులలోనే. వారి కేసు షీటు మీద ఏ సిరా ఉండదు. అందుకే ప్రతి రోగి రక్తమూ అంటువ్యాధి కలిగినదే అన్నట్లు ప్రతి ఆపరేషనులోనూ ఒకే రకమైన జాగ్రత్తలు తీసుకోవాలని వైద్యశాస్త్రం చెబుతున్నది. ఎర్ర సిరాను నమ్ముకున్న సర్జను మిగిలిన రోగుల దగ్గర చేతితొడుగుల విషయంలో అజాగ్రత్తగా ఉంటాడు. ఆ ఎర్ర సిరా రోగిని అవమానించింది, వైద్యుడిని మోసగించింది. ఎవరినీ కాపాడలేదు.

అతడు ఆపరేషను చేశాడు. సంతోషించాను. కానీ ఆ రోజు జాబితాలో అందరికన్నా చివర పెట్టాడని తరువాత తెలిసింది. 'థియేటరు శుభ్రం చేసుకోవాలి కదా సార్' అన్నాడు. 'నాయనా, నీ ఆటోక్లేవు, నీ క్రిమిసంహారక ద్రావణం మరునాడు ఉదయం వచ్చే రోగికి చాలినప్పుడు, అరగంట తరువాత వచ్చే రోగికి ఎందుకు చాలవు?' అని అడిగాను. కొంతసేపు మాట్లాడలేదు. 'ఆలోచిస్తాను సార్' అన్నాడు. ఆలోచించాడనే ఆశిస్తున్నాను.

పాపులు, అమాయకులు అనే లెక్క

'వాడు చేసుకున్న దానికి వాడు అనుభవిస్తున్నాడు' అనేవారు మనలో ఉన్నారు. వారిని ఒకటే అడుగుతాను. ముప్పై ఏళ్ళు చుట్టలు కాల్చినవానికి గుండెపోటు వస్తే స్ట్రెచర్ ఆపి, చేసుకున్న పాపం అడుగుతామా? హెల్మెట్ లేకుండా బండి నడిపి తల పగలగొట్టుకున్నవానిని వరండా చివర పడుకోబెడతామా? వైద్యుడి పని జబ్బును చూడడం. చిత్రగుప్తుడి చిట్టా వ్రాసే ఉద్యోగం మనకెవరూ ఇవ్వలేదు.

అయితే దీనికి ఎదురుగా మరొక వాదన వినిపిస్తుంది. అది మంచి మనసుతో చెప్పేది కనుక ఇంకా జాగ్రత్తగా పరిశీలించాలి. 'పాపం, ఆ ఇల్లాలు ఏ పాపమూ ఎరుగదు. భర్త వల్ల సోకింది. ఆ పసివాడు ఏం చేశాడు?' అంటారు. నిజమే. కానీ ఆ జాలి వెనుక ఒక గీత ఉన్నది. గీతకు ఇవతల జాలికి అర్హులైనవారు, అవతల అనర్హులు. ఇల్లాలిని అమాయకురాలని పొగిడిన నోటితోనే మరొక స్త్రీని, మరొక పురుషుడిని, హిజ్రాను, మత్తు సూదికి బానిసైన కుర్రవాడిని దోషి అంటున్నాము. నేనూ చాలాకాలం ఈ గీత గీసినవాడినే. వరండా చివరి అమ్మాయి కథ వ్రాసేటప్పుడు, ఆమెకు ఆ వ్యాధి ఎలా వచ్చిందో మీకు చెప్పలేదు, గమనించారా? కావాలనే చెప్పలేదు. ఎలా వచ్చిందన్న దానిని బట్టి మీ జాలి పెరగడమో తగ్గడమో జరిగితే, ఆ లోపం మీలో ఉన్నట్లే.

ఇల్లు, పెళ్ళి, పిల్లలు

ఇంట్లో ఒకరికి హెచ్.ఐ.వి. ఉన్నదని తెలియగానే కంచం, గ్లాసు, పక్క వేరుచేస్తారు. మనుమలను దగ్గరకు రానివ్వరు. భర్త పోయిన కోడలిని పుట్టింటికి పంపి, పొలంలో వాటా లేదంటారు. నేను చూసిన రోగులలో చాలామందిని కుంగదీసినది వైరస్ కాదు, ఆ వేరు కంచం. మనసు విరిగిన మనిషి మాత్రలు మానేస్తాడు. మాత్రలు మానేస్తే వైరస్ తిరగబడుతుంది. కనుక కలిసి అన్నం తినడం కేవలం ఆప్యాయత కాదు, చికిత్సలో భాగం.

పెళ్ళికి ముందు పరీక్ష గురించి కూడా నన్ను తరచుగా అడుగుతుంటారు. వధూవరులిద్దరూ ఇష్టపడి, కలిసి వెళ్ళి పరీక్ష చేయించుకుంటే అది వివేకమైన పని, ప్రభుత్వ ఐ.సి.టి.సి. కేంద్రాలలో అది ఉచితం, గోప్యం. కానీ అవతలివారికి తెలియకుండా, ఏదో సాకుతో రక్తం తీయించి, ఫలితాన్ని ఊరంతా చాటడం నేరం. పైగా ఒక్క పరీక్షతో జీవితాంతం నిశ్చింతగా ఉండవచ్చని భావించడం అమాయకత్వం. హెచ్.ఐ.వి. ఉన్నవారు పెళ్ళి చేసుకోవచ్చు. భాగస్వామికి నిజం చెప్పి, ఇద్దరి అంగీకారంతో, చికిత్సలో ఉంటూ, వైరస్ లేని పిల్లలను కనవచ్చు. నిజం చెప్పవలసిన బాధ్యత వారిది. ఆ నిజాన్ని చెప్పగలిగే వాతావరణం కల్పించే బాధ్యత మనది.

చట్టం ఏమంటున్నది

'హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం' 2017లో పార్లమెంటు ఆమోదం పొంది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చింది. ఇది ఉన్నదని ఎరుగని వైద్యులు కూడా ఉన్నారు. దాని ప్రకారం:

హెచ్.ఐ.వి. ఉన్నదన్న కారణంతో ఎవరికీ వైద్యం, చదువు, ఉద్యోగం, అద్దె ఇల్లు నిరాకరించరాదు.

వివరించి చెప్పి, అంగీకారం తీసుకోకుండా పరీక్ష చేయరాదు. ఉద్యోగం ఇవ్వడానికి గానీ, వైద్యం చేయడానికి గానీ ఈ పరీక్షను షరతుగా పెట్టరాదు.

ఒకరి హెచ్.ఐ.వి. స్థితిని, చట్టం అనుమతించిన కొన్ని సందర్భాలలో తప్ప, వారి అంగీకారం లేకుండా బయటపెట్టరాదు.  మంచానికి కాగితం అంటించడం, అందరి కంటా పడేటట్లు కేసు షీటు మీద ముద్ర వేయడం ఈ నిబంధనకు విరుద్ధమే.

వారు నివసిస్తున్న ఉమ్మడి ఇంటిలో నుంచి వారిని వెళ్ళగొట్టరాదు.

వారిపై ద్వేషాన్ని రెచ్చగొట్టే ప్రచారం చేస్తే మూడు నెలల నుంచి రెండేళ్ళ వరకు జైలుశిక్ష ఉన్నది.

ఈ చట్టం వైద్యసిబ్బందిని కూడా విస్మరించలేదు. చేతితొడుగులు మొదలైన రక్షణ సామగ్రిని, సూది గుచ్చుకుంటే వాడవలసిన నివారణ మందులను సమకూర్చే బాధ్యత సంస్థదే అన్నది. చాలని తొడుగులతో, ఖాళీ మందుల బీరువాతో సిబ్బందిని పనిచేయమనే యాజమాన్యం, తరువాత వారి భయాన్ని మాత్రం తప్పుపట్టజాలదు. నర్సమ్మలు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఆయాలు ఈ సామగ్రిని హక్కుగా అడగాలి. తొడుగులు అడగండి, రోగిని పంపివేయమని అడగకండి.

ఫిర్యాదులు విచారించడానికి ప్రతి రాష్ట్రంలోనూ ఒక అంబుడ్స్‌మన్ ఉండాలని చట్టం నిర్దేశించింది. చట్టం పుస్తకంలో ఉంటే చాలదు. ఎవరో ఒకరు ఫిర్యాదు వ్రాయాలి. రోగికి ఆ ధైర్యం లేకపోతే అతడి తరఫున వ్రాసే చదువుకున్నవారు ఊరికి ఒక్కరైనా ఉండాలి. ఈ వ్యాసం చదివే మీరు ఆ ఒక్కరు కావచ్చు.

చివరిగా నా విన్నపం

మీకు ఏమాత్రం సందేహం ఉన్నా పరీక్ష చేయించుకోండి. 1097 నంబరుకు ఫోను చేస్తే ఖర్చు లేకుండా, దగ్గరి కేంద్రం వివరాలు, సలహా దొరుకుతాయి. ఫలితం ఏదైనా సరే, తెలుసుకోవడమే మేలు. వైరస్ ఉన్నదని తేలితే మాత్రలు ఆ వారమే మొదలుపెట్టండి. ఆరోగ్యం బాగున్నదని మానవద్దు. మాత్రల వల్లనే అది బాగున్నది. వైరస్‌ను పూర్తిగా తుడిచిపెడతామని చెప్పి డబ్బు గుంజేవారి మాట వినవద్దు.

మీ ఇంట్లో, వీధిలో ఒకరికి ఉన్నదని తెలిస్తే ఆ సంగతి మీ దగ్గరే ఆగిపోనివ్వండి. 'నీకు మాత్రమే చెబుతున్నాను' అని మొదలయ్యే వాక్యంతోనే ఎన్నో కుటుంబాలు ఊళ్ళు విడిచాయి.

నా తోటి వైద్యులకు ఒక్క మాట. భయం కలగడం తప్పు కాదు. ఆ భయానికి 'మిషను పాడైంది' అనో, 'సౌకర్యాలు లేవు' అనో మారుపేరు పెట్టి, దాని కింద సంతకం చేయడం తప్పు. ఆ సంతకం నేను చేశాను. ఇరవై అయిదేళ్ళు గడిచినా ఆ తల్లి ప్రశ్న నా చెవిలోనే ఉన్నది. 'ఇక్కడ అన్నీ ఉన్నాయి కదా' అన్నది ఆమె. నాడు ఆమెకు అబద్ధం చెప్పాను. ఆమె ఎక్కడున్నా ఈ మాట చేరుతుందన్న ఆశ నాకు లేదు. అయినా వ్రాస్తున్నాను: అమ్మా, ఆ రాత్రి అక్కడ అన్నీ ఉన్నాయి. నాకే ధైర్యం లేకపోయింది. నన్ను క్షమించు.